ఎడమకు వడికిన నూలు

ఆ ఉదయం ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. తెల్లవారి చాలాసేపైనా చంద్రుడు కొండ మీదే పాలిపోయి నిలిచి ఉన్నాడు. రాత్రి పడ్డ మంచు చాళ్లలో ఇంకా గడ్డకట్టే ఉంది. వానల్లేక నేల బాగా ఎండిందనీ, దుంపలు కాల్చే మట్టిపెళ్లల పొయ్యి గట్టిగా నిలుస్తుందనీ సతుర్నీనా పెదనాన్న సెల్సో సంబరపడ్డాడు.

సతుర్నీనా కళ్లు మాత్రం దారి మీదే ఉన్నాయి. ఆమె ఆ ఊరి బడి పంతులమ్మ. ఏళ్ల తరబడి ముసలివాళ్ల పక్కన కూర్చుని, అడిగిందే అడిగి, దొరల కాలంలో బతికిన తన అమ్మమ్మ అసుంతా కథను నవలగా రాసింది. దాన్ని అచ్చువేస్తానన్న ఉగార్తె ఇవాళ రాజధాని లీమా నుంచి వస్తున్నాడు.

వచ్చాడు. బంగాళాదుంపలు తవ్విన చాళ్లలో మెరిసే బూట్లతో నిలబడి, సంచిలోంచి రాతప్రతి తీశాడు.

"బాగా రాశారమ్మా. ఒక్కటే మార్చాను. అసుంతా చిన్నదొరను ప్రేమించింది. ఆ ప్రేమతోనే అతనికి భుజాల మీంచి కప్పుకునే ఉన్ని పోంచో నేసింది."

సతుర్నీనా చేతిలో పార ఆగిపోయింది. "నేను రాసింది మీరు చదివారా?"

"ఎడమ నూలు సంగతేగా? చదివాను కాబట్టే కొట్టేశాను. అంత పగ ఎవరు కొంటారు చెప్పండి. జనానికి కాస్త కన్నీరు, కాస్త ముద్దూమురిపెం ఉండాలి."

ఆ ఊరి ఆడవాళ్ల చేతిలో కదురు ఎప్పుడూ కుడికే తిరుగుతుంది. ఎడమకు తిప్పేది చావింట్లోనే, శవం చేతులు కట్టే నూలుకు. గొర్రె తప్పిపోయిందన్న కోపంతో అసుంతా అన్నను కొట్టించి చంపాడు చిన్నదొర. ఆ తర్వాత ఆమె చేతనే పోంచో నేయించుకున్నాడు. అసుంతా దాని అంచుల నిండా ఎడమ నూలు పెట్టింది. వాడు అది కప్పుకుని దర్జాగా చర్చికి వెళుతుంటే ఊరంతా చూసింది. ఒక్కరూ నోరు విప్పలేదు.

గట్టు మీద నూలు వడుకుతున్న మెల్చోరా తలెత్తింది. ఆమె అసుంతా కూతురు, సతుర్నీనాకు పెద్దమ్మ.

"ఏం నాయనా, మా అమ్మ ఎవర్ని ప్రేమించిందంటున్నావ్?"

"కథలో లెండి, అవ్వా. కావాలంటే పేరు మార్చేద్దాం."

"పేరు మారిస్తే మా మేనమామ లేచొస్తాడా?"

పొయ్యిలో మంట ఎగదోస్తున్న మెల్చోరా మొగుడు సెల్సో వెనక్కి తిరగకుండానే అన్నాడు. "పోనీ మీ అమ్మగారి పేరు పెట్టుకో బాబూ. ఆ ముద్దేదో ఆవిడ చేతే పెట్టించు."

ఉగార్తె మొహం ఎర్రబడింది. "ఇలాగైతే పుస్తకం రాదు. ఇంకెవరూ వెయ్యరు కూడా."

"రాకపోతే మానె," అంది సతుర్నీనా. చెయ్యి చాచింది. "అప్పట్లో మా ఉన్ని పట్టుకుపోయారు. ఇప్పుడు మా కోపం కూడా పట్టుకుపోతారా? నా కాగితాలు ఇటివ్వండి. మా బడిలో నేనే చదివి వినిపిస్తాను."

అతను ఇంకేదో అనబోయాడు. మెల్చోరా కదురు ఆపింది. అతని మొహంలోకే చూస్తూ, మళ్లీ తిప్పింది, ఎడమకు.

చదివినవాడే కాబట్టి ఎడమ నూలు ఎవరి కోసమో అతనికి తెలుసు. రాతప్రతి ఆమె చేతిలో పెట్టాడు.

సెల్సో దుంపలు లోపల వేసి, వాటి మీదికి పొయ్యిని కూల్చాడు. అవి మగ్గాక కాలిన మట్టి కిందనుంచి తవ్వి తీశాడు. పొయ్యి కూల్చాక పొలంలో ఉన్నవాళ్లెవరూ తినకుండా పోరాదు, ఎంతటి పగవాడైనా సరే. సతుర్నీనా గుడ్డ పరిచి, అతని ముందు కూడా దుంపలూ జున్నుముక్కా పెట్టింది. అతను కూర్చున్నాడు. పొట్టు వలుస్తూ, వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ నలుగురూ తిన్నారు.