ఎడమ భుజం

గోవిందరావు పొద్దున్నే బస్తాలు మోసేటప్పుడు వేసుకునే గోనెపట్టా దండెం మీదనుంచి తీసి భుజాన వేసుకున్నాడు. వేసుకున్నాక గుర్తొచ్చి, మళ్లీ తీసి దండెం మీద పెట్టాడు. నెల రోజులుగా ఇదే వరస. పొయ్యి దగ్గర చోడి అంబలి కలుపుతున్న అతని భార్య కన్యాకుమారి అది చూసీ చూడనట్టు ఊరుకుంది. మొదట్లో నవ్వేది, తర్వాత తిట్టేది, ఇప్పుడు రెండూ మానేసింది.

అతనికి యాభై దాటాయి. సన్నంగా, పొడుగ్గా ఉంటాడు. ఎడమ భుజం కుడిదానికంటే వేలెడు కిందకి దిగి ఉంటుంది. మెడ మొదట్లో కొబ్బరిచిప్పంత మేర చర్మం కాయగాచి నల్లగా మెరుస్తుంది. గజపతినగరం సంతలో వెనకనుంచి చూసి కూడా ఇతన్ని గోవిందరావని పోల్చుకుంటారు. ఏ చొక్కా అయినా ముందు ఆ భుజం దగ్గరే చిరుగుతుంది. కొత్త చొక్కా కుట్టించేటప్పుడు అక్కడ లోపల రెండో గుడ్డ వేయమని కన్యాకుమారే దర్జీకి చెబుతుంది.

"నీల్లు నీను తెస్తాను. బిందె ముట్టుకోకు," అంది ఆమె అంబలి గ్లాసు చేతికిస్తూ.

"ముట్టుకోనే. ఎన్నిసార్లు సెప్తావు?"

ఆమె నిండు బిందె చంకనెత్తుకుని వస్తుంటే గోవిందరావు గుమ్మంలో పక్కకి జరిగి నిలబడ్డాడు. ఆ సమయంలో తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలిసేది కాదు. వెనక్కి కట్టుకుంటే షావుకారులా ఉంటుంది. వేలాడేస్తే తిండికి తయారైనవాడిలా ఉంటుంది. ఎదురింటి ముసలమ్మ ఊరుకోదు కదా, "మారాజులా ఉన్నావురా గోయిందూ!" అని అరుగు మీదనుంచే హారతి పట్టింది. అతనికి సిగ్గేసింది. చావాలన్నంత సిగ్గేసింది. అయినా బిందె ముట్టుకోలేదు.

నెలన్నర కింద నారాయణమూర్తి షావుకారు గొడౌన్లో ఒకదానిమీద ఒకటి పేర్చిన బేళ్ల నెట్టు మీదనుంచి గోగునార బేలు ఒకటి జారి అతని ఎడమ పక్కటెముకల మీద పడింది. రక్తం చుక్క రాలేదు. లేచి కూర్చుని, మంచినీళ్లు తాగి, "ఆ నెట్టు వొంకరగా కట్టినారు, ఇప్పి మల్లీ కట్టండి" అన్నాడు. సాయంత్రానికి మొహం తెల్లగా పాలిపోయింది. జట్టు మేస్త్రి రాంబాబు ఆటోలో వేసుకుని విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడ స్కానింగు చూసి సుహాసిని అనే డాక్టరమ్మ చెప్పింది. "ప్లీహం చిట్లింది. కొంచెం రక్తం కారి ఆగింది. నాడి బాగుంది, బీపీ నిలకడగా ఉంది. ఇలాంటప్పుడు కోయం. కనిపెట్టుకుని ఉంటాం. కదలకుండా పడుకుంటే అదే మానుతుంది."

"పిలీహమంటే ఏటమ్మా? కడుపులో బల్ల అంటారు, అదా?" అంది కన్యాకుమారి.

"అదే. అందరికీ ఉంటుంది. పెరిగితే బల్ల అంటారు."

"మరి సిట్లితే కొయ్యాల కదమ్మా. మేవు పేదోలమనా కొయ్యనంటన్నారు?"

డాక్టరమ్మకి కోపం రాలేదు. మంచం చివర కూర్చుంది. "దాన్ని తీసేస్తే ఆ తర్వాత జ్వరం వచ్చిన ప్రతిసారీ భయపడాలి. ఉంచగలిగినవాళ్లకి ఉంచడమే మంచిది. అవసరం పడితే ఆ క్షణమే కోస్తాను. మా నాన్నకైనా ఇదే చేస్తాను," అంది.

కన్యాకుమారి తలూపింది గానీ నమ్మలేదు. వైద్యమంటే ఏదో ఒకటి చేయాలి. ఇక్కడ చూస్తే నర్సు మాటిమాటికీ వచ్చి చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంది, కడుపు నొక్కి చూస్తుంది, రక్తం తీసుకుంటుంది, పోతుంది. గోవిందరావు పైకప్పు వంక చూస్తూ పడుకున్నాడు. పెళ్లయ్యాక కూడా అంతసేపు పడుకుని ఎరగడు.

పక్క మంచం మీద ఎండుపుల్లలాంటి మనిషికి కడుపు మీద ఈ చివరనుంచి ఆ చివరికి కుట్లు. చూడ్డానికి వచ్చిన జట్టువాళ్లు ఆ కుట్లని గౌరవంగా చూసి, గోవిందరావు చొక్కా ఎత్తి చూశారు. "ఏటీ నేదు గదరా!" అన్నాడు రాంబాబు. అందరూ నవ్వారు. గోవిందరావూ నవ్వాడు. తనకి జబ్బుందని తనకే పూర్తిగా నమ్మకం లేదు.

ఇంటికి పంపేరోజున డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. "మూడు నెలలు బరువులు ఎత్తకూడదు. కడుపునొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, ఎడమ భుజం నొప్పి పెట్టినా వెంటనే వచ్చేయాలి. రేపు వెళ్దాంలే అనుకోకూడదు."

ఆ వేళకి కన్యాకుమారి మందులు తేవడానికి కిందకి వెళ్లింది. గోవిందరావు నవ్వాడు. "ఎడం బుజం నొప్పి రాని రోజేదమ్మా నాకు? ఊహ తెలిసిన కాడ్నుంచీ ఉన్నాది."

డాక్టరమ్మ కూడా నవ్వింది. వెంటనే నవ్వాపి, "అది వేరు బాబాయ్. కడుపులో రక్తం కారితే నొప్పి భుజంలో తెలుస్తుంది. గుర్తు పెట్టుకో," అంది. కడుపులో కారితే భుజానికేం పట్టిందని గోవిందరావు అనుకున్నాడు. పెద్ద చదువులవాళ్లతో వాదన దేనికని తలూపాడు. కన్యాకుమారికి చెబితే నవ్వుతుందని ఆ ఒక్కటీ చెప్పలేదు. మిగతావన్నీ చెప్పాడు.

ఆ రోజునుంచీ డాక్టరమ్మ మాట జవదాటలేదు. మనవరాల్ని కూడా కూర్చోబెట్టి ఆడించాడే తప్ప ఎత్తుకోలేదు. ఇంటి పనులు చేసుకుని కన్యాకుమారి కలుపు కూలికి వెళ్లిపోతే, ఇల్లు అతన్ని తోసేసేది. అందుకని గొడౌన్ దగ్గరికి వెళ్లి అరుగు మీద కూర్చునేవాడు.

ఆ రోజూ అలాగే వెళ్లాడు. లారీ దిగుమతి నడుస్తోంది. "కూకో, టీ సెప్తాను. సెయ్యి మాత్రం పెట్టకు," అన్నాడు రాంబాబు. గోవిందరావు కూర్చుని, బస్తా కింద వంగిన ప్రతివాడి నడకా చూస్తూ, ఎవడు అడుగు తప్పేస్తున్నాడో మనసులోనే దిద్దుతున్నాడు. టీ సగం తాగేసరికి కబురొచ్చింది. పాత మేస్త్రి గణపతిరావు పోయాడు.

లారీ సగంలో ఆగిపోయింది. నారాయణమూర్తి షావుకారు తనే గొడౌన్ తలుపు మూయించి, కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ ఊళ్లో మూడు తరాల కలాసీలకి బరువెత్తడం నేర్పినవాడు గణపతిరావు. మీసం రాకముందు వచ్చిన గోవిందరావుకి మొదటి బస్తా భుజాన పెట్టినవాడూ ఆయనే. "మొయ్యడం కాదురా, బస్తా నిద్దరోతన్నాదనుకో. దాన్ని లెగ్గొట్టకుండా ఒట్టుకెల్లాల," అనేవాడు. ఆసుపత్రినుంచి వచ్చాక చూడబోతే, మంచంలోంచే గోవిందరావు భుజం తడిమి, "నన్ను నువ్వు మొయ్యాలిరా. కుదుపు నేని బుజం నీది," అన్నాడు. గోవిందరావు మాటివ్వలేదు. ఇవ్వలేక నవ్వేసి వచ్చేశాడు.

జట్టులో ఎవరు పోయినా వాళ్లని బండిలో పంపరు. జట్టే మోస్తుంది. పాడె కట్టాక రాంబాబు నలుగుర్నీ నిలబెట్టి, గోవిందరావు వైపు తిరిగాడు. "నువ్వు ఉత్తసేతుల్తో రా. ఆయనేటీ అనుకోడు." గోవిందరావు సరేనని వెనకాల నడిచాడు. ఎండ చురుక్కుమంటోంది. చల్లడానికి దోసెడు బొరుగులు కూడా అతని చేతికి ఎవరూ ఇవ్వలేదు.

ఏటి దారి చీలే చోట దింపుడు కళ్లం. అక్కడ పాడె దింపారు. గణపతిరావు కొడుకు వంగి చెవిలో "అయ్యా!" అని ముమ్మారు పిలిచాడు. పిలుపు విని లేచినవాళ్లున్నారని చెప్పుకుంటారు గానీ ఎవరూ చూడలేదు. మళ్లీ ఎత్తారు. ఈసారి వెనక మూల ఒక మనిషి మారాడు. వచ్చినవాడు పొట్టివాడు. పాడె ఆ మూలకి వాలిపోయింది. అడుగు పడినప్పుడల్లా ముసలాయన తల అటూ ఇటూ కొట్టుకుంటోంది.

గోవిందరావు కొంతదూరం తల వంచుకుని నడిచాడు. చూడకపోతే సరిపోతుందనుకున్నాడు. చప్పుడు వినబడుతూనే ఉంది.

డాక్టరమ్మ బరువులు వద్దంది. నిజమే. కానీ పాడె బరువా? కలాసీ నోట పాడెని బరువనే మాట రాకూడదు. భుజం మార్చుకునేవాడు కూడా "నా వంతైంది" అంటాడే తప్ప బరువనడు; అన్నాడంటే చనిపోయినవాడిని తిట్టినట్టే. బస్తా బరువు, బిందె బరువు, మనవరాలూ బరువే. పాడె మాత్రం ఎవరి లెక్కలోనూ బరువు కాదు. పాపం, అతను డాక్టరమ్మ మాట దాటాలనుకోలేదు. ఆ మాట ఇక్కడిదాకా వస్తుందని అతనికి తోచనేలేదు.

పొట్టివాడి భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపి, వెదురు కింద తన ఎడమ భుజం పెట్టాడు. ముందు మూలనుంచి రాంబాబు తల తిప్పి చూశాడు.

"ఒరే గోయిందూ, ఒద్దురా!"

"ఇదేటి బరువేటిరా?"

రాంబాబు తల ముందుకి తిప్పుకున్నాడు. పాడె సమానమైంది. గణపతిరావు తల కొట్టుకోవడం ఆగింది. నెలన్నర తర్వాత గోవిందరావుకి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసింది. ఒక చెయ్యి వెదురు మీద, ఒకటి నడుం మీద. చంపావతి ఏటి ఇసకలో దిగినప్పుడు కూడా కుదుపు రానివ్వలేదు. దుఃఖంలో ఉన్నాడు గానీ, నిజం చెప్పాలంటే, అతనికి చాలా సంతోషంగా ఉంది.

చితి అంటించాక అందరూ ఏట్లో మునిగి తడిబట్టలతో తిరిగొస్తుంటే ఎడమ భుజం లాగడం మొదలుపెట్టింది. రుద్దుకున్నాడు. "సాన్నాల్లకి మోసినావు కదా, పట్టేసుంటాది," అన్నాడు రాంబాబు. అందరి భుజాలూ లాగుతున్నాయి. అందరూ రుద్దుకుంటున్నారు.

ఇల్లు చేరేసరికి కన్యాకుమారి గుమ్మంలో కాళ్లకి నీళ్లు పెట్టుకుని ఉంది. కబురు అప్పటికే చేరినట్టుంది.

"పాడె మోసినావంట?"

"ఆఖర్న. ఏటిదాకా."

"నీకు బుద్దున్నాదేటి మావా?" చెంబు కింద పెట్టి అతని చొక్కా ఎత్తి కడుపు తడిమింది. "నొప్పేటైనా వస్తన్నాదా? నిజం సెప్పు."

"కడుపు కాదే. బుజం."

"బుజమేనా?"

"బుజమే."

కన్యాకుమారికి ప్రాణం కుదుటపడింది. భుజం నొప్పయితే తను ఎరిగిందే. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆ నొప్పికి ఆమే వైద్యురాలు. నులకమంచం వాల్చి పడుకోబెట్టింది. అతను మంచినీళ్లడిగి చెంబుడూ తాగాడు. మళ్లీ అడిగాడు. ఎండలో తిరిగొచ్చాడు కదా అనుకుంది. గిన్నెలో ఆముదం పోసి, కర్పూరం బిళ్ల నలిపి వేసి, పొయ్యి మీద వెచ్చబెట్టింది.

కాయగాచిన చోట అరచేత్తో రాస్తుంటే అతను కళ్లు మూసుకున్నాడు. నుదుటి మీద చెమట పడుతోంది. కొంగుతో తుడిచింది. మళ్లీ పట్టింది.

"తగ్గతన్నాదా?"

"ఊఁ... ఆ డాట్రమ్మ బుజం గురించేదో అన్నాది."

"బుజం గురించా? ఏటన్నాది?"

"నవ్వుతావని సెప్పనేదు... కడుపులో కారితే..."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "కారితే? కారితే ఏటి మావా?"

అతను మాట పూర్తి చేయలేదు. పెదవులు తెల్లబడ్డాయి. కడుపు మీద చెయ్యి వేస్తే బస్తాలా బిగుసుకుని ఉంది. కన్యాకుమారి వీధిలోకి పరిగెత్తి కేక పెట్టింది. రాంబాబు తడిబట్టలతోనే వచ్చాడు. ఎవరో నూట ఎనిమిదికి ఫోను చేశారు. దారిలో ఉందన్నారు. ఇంకెవరో ఆటో తెచ్చారు. మోయడమే బతుకైన నలుగురు అతన్ని ఎత్తడానికి మంచం చుట్టూ నిలబడి, ఎక్కడ పట్టుకుంటే ఏమవుతుందోనని చేతులు చాచి ఆగిపోయారు.

కన్యాకుమారి అతని చెవి దగ్గరికి వంగింది. మావా అని పిలిచింది. పలకలేదు. పెళ్లైనప్పటినుంచీ ఎప్పుడూ నోట అనని పేరు పెట్టి పిలిచింది. "గోయిందూ!" అంది. మళ్లీ అంది. మూడోసారి పిలవబోయి, దింపుడు కళ్లం గుర్తొచ్చి నోరు నొక్కుకుంది.

రాంబాబు అతని మణికట్టు పట్టుకుని, వదిలి, రెండోది పట్టుకున్నాడు. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా, "మెల్లగా ఎత్తండి, కుదుపు రాకూడదు," అన్నాడు. ఎత్తారు. ఆటో వెనకాలే వీధి వీధంతా కదిలింది. ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

మంచం కోడు పక్కన గిన్నెలో ఆముదం ఇంకా గోరువెచ్చగానే ఉంది.