గుమ్మం బయట చెప్పులు

"మళ్ళీ చెప్పులు మంచం కింద పెట్టావేంటే? చోద్యం కాకపోతే, ఇంట్లోకి చెప్పులేంటి!" అని పొద్దున్నే అందుకుంది మా అత్త అమలమ్మ. నేను అన్నం వారుస్తున్నాను. కువైట్ నుంచి వచ్చి మూడేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. అక్కడ పనిచేసే ఇంట్లో దెబ్బలు పడలేక పారిపోయాను. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. అప్పట్నించీ దొంగచాటు బతుకే. నాలాంటి ఆడవాళ్ళం బోలెడుమందిమి ఒకే గదిలో ఉండేవాళ్ళం. గుమ్మం బయట చెప్పులుంటే లోపల మనుషులున్నారని పోలీసులకి తెలిసిపోతుందని, వాటిని పక్కకింద పెట్టుకుని పడుకునేవాళ్ళం. ఎవరింట్లో ఎంత చాకిరీ చేసినా వాళ్ళిచ్చిందే జీతం. ఇంతేనా అని అడిగితే "పోలీసులకి చెప్పమంటావా?" అనేవాళ్ళు. ఆ డబ్బుతోనే ఈ శ్లాబు ఇల్లు లేచింది. మా ఆయన ఏసుపాదం మాత్రం ఎవరొచ్చినా "నేను కట్టిన ఇల్లండీ" అంటాడు. నేను లోపల్నించి టీ పట్టుకొస్తాను.

ఈ ఏడు బందరు కాలువకి నీళ్ళొచ్చినా, మా కంకిపాడు చుట్టుపక్కల మమ్మల్ని నాట్లకి పిలిచే రైతు లేడు. మా ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి ఏసుపాదమే. వెంకటకృష్ణారావు గారు ఎక్కణ్ణించో కూలీలని దింపి, తన మోటారు షెడ్డులో పెట్టి, సగం కూలికే నాట్లేయిస్తున్నారు. ఆయన్ని చూసి మిగతా రైతులూ అదే దారి పట్టారు. మా కడుపు మీద కొట్టినట్టే అయింది. ముఠాలో సుబ్బరత్నం పిల్లలకి ఒక పూట గంజే పోస్తోంది. నాకూ ఆ వచ్చినవాళ్ళ మీద కోపంగానే ఉంది.

"వాళ్ళు బంగ్లాదేశ్ వాళ్ళే, దొంగతనంగా వచ్చారు. నీకు హిందీ వచ్చుగా, ఏ దేశమో అడిగి చెప్పు. మిగతాది స్టేషన్‌లో నేను చూసుకుంటా. ఇన్నాళ్ళకి నీ కువైట్ పనికొచ్చిందే!" అని నవ్వాడు ఏసుపాదం. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళకా? వాడు పడుకునే ఇంటి కప్పు దేంతో వచ్చిందట?

అయినా వెళ్ళాను. ముఠా అంతా మా వెనకే వచ్చింది. షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. "ఒక్క చెప్పూ లేదే. పారిపోయినట్టున్నారు" అంది సుబ్బరత్నం. నాకు తెలుసు. చెప్పులు లేవంటే లోపలే ఉన్నారు.

తలుపు తోసుకుని నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎరువు బస్తాల వెనక కొంతమంది ఆడవాళ్ళు నక్కి ఉన్నారు. ముందున్నామె చెప్పులు గుండెలకి హత్తుకుని ఉంది. భయపడకని హిందీలో అన్నాను. పేరు షెఫాలీ అంది. ఊరు చెప్పింది. సరిహద్దు ఎలా దాటారో చెప్పి ఏడ్చింది. ఇంత తక్కువకి ఎందుకు చేస్తున్నారని అడిగాను. "ఎక్కువడిగితే పోలీసులకి చెప్తానన్నాడు రైతు" అంది. నాకు ఇంకేం అడగబుద్ధి కాలేదు.

బయటికి రాగానే ఏసుపాదం "ఏ దేశమంట?" అన్నాడు.

"కువైట్‌లో కాగితాల్లేని నాది ఏ దేశమో, వీళ్ళదీ అదే."

"పిచ్చా నీకు? వీళ్ళ వల్లేగా మనకి పని లేంది!"

"వీళ్ళు నోరెత్తలేరు కాబట్టి. వీళ్ళని తోలేస్తే ఆయన ఇంకో నోరులేని వాళ్ళని తెచ్చుకుంటాడు. వీళ్ళకీ మన కూలే ఇమ్మని అడుగుదాం. అప్పుడు మనల్ని కాదని ఎవర్ని పిలుస్తాడు? పదండి, అందరం ఆయనింటికే పోదాం."

ఎవరూ కదల్లేదు. సుబ్బరత్నం తలదించుకుంది. ఏసుపాదం పళ్ళు కొరుకుతూ "నా ఇంట్లో ఉంటూ నాకే ఎదురు చెప్తావా? నేను స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నా" అన్నాడు.

నేను చెప్పులు విడిచాను. షెడ్డు గుమ్మం బయట, అందరికీ కనపడేలా.

"చెయ్యి. లోపల ఇంకో మనిషి కూడా ఉందని చెప్పు" అని లోపలికి వెళ్ళి షెఫాలీ పక్కన కూర్చున్నాను.