పుస్తకం మీద పసుపు అంచు కర్చీఫ్

మా సిరిగేరి నుంచి బళ్లారికి బస్సులో తిరిగేవాళ్లకు ఒక చట్టం ఉంది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీదికి కర్చీఫ్ విసరాలి. పడిందా, ఆ సీటు మీదే. తర్వాత మీరు తీరిగ్గా టీ తాగి ఎక్కినా అడిగేవాడు లేడు. తాసిల్దారు ఎక్కినా సరే, "ఇది ఎవరిదప్పా?" అంటూ పక్కన నిలబడాల్సిందే. పెద్దలు కూర్చుని రాసిన చట్టాలను మా వైపు ఎవరూ లెక్కచేయరు గానీ, రాయని ఈ చట్టాన్ని పసిపిల్లలు కూడా మీరరు.

నేను బి.ఎ.లో సైకాలజీ చదువుతున్నాను. పోయినసారి క్లాసులో సగంమందిమి ఫోన్లో దొరికిన ఒకే వ్యాసాన్ని ఎత్తి రాశామని మా నయన మేడమ్ మండిపడి, ఈసారి షరతు పెట్టింది. ఎవరూ చెప్పకపోయినా మనుషులు కొన్ని కట్టుబాట్లకు ఎందుకు లోబడతారు అన్నది విషయం. దాని మీద కాలేజీ లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకం ఉంది. అది చదివి రాయాలి, లేకపోతే పేపరు తీసుకోదు. పేపరు లేకపోతే నేను ఫెయిల్. మా నాన్న హంపయ్య ఇప్పటికే నన్ను సగం మనసుతో చదివిస్తున్నాడు. ఫెయిలైతే ఆ సగం కూడా ఉండదు.

ఆ పుస్తకం ఒకటే కాపీ, ఇంటికివ్వరు. సోమవారం వెళ్లి చూస్తే కిటికీ పక్క బల్ల మీద ఉంది. దాని మీద పసుపు అంచు కర్చీఫ్ ఒకటి పరిచి ఉంది. ఎదురు కుర్చీలో మా క్లాసు కొట్రేశ్ ఏదో పత్రిక తిరగేస్తున్నాడు. కెంచనగుడ్డ అనే ఊరి కుర్రాడు. ప్రతి పరీక్షలో నాకంటే కాస్త ముందుంటాడు, అందుకే నేను వాడితో మాట్లాడను. వాడూ ఇదే పేపరు రాయాలి. కర్చీఫ్ ఎవరిదో చెప్పడానికి జోస్యుడు అక్కర్లేదు కదా.

నాకు ఒళ్లు మండింది. చెయ్యి చాస్తే పుస్తకం అందుతుంది, కానీ చెయ్యి చాస్తే కదా. లైబ్రేరియన్ చిదానంద సార్ దగ్గరికి వెళ్లాను.

"సార్, ఆ బుక్కు నాకు కావాల."

"కర్చీఫ్ ఉండాది కదమ్మా. ఏసినోళ్లు వస్తారు, కూకో."

"సాయంత్రం బుక్కులన్నీ లోపల పెడతారు కదా సార్, అప్పుడు దాన్నీ ఎత్తాల కదా?"

"ఇంగొకరి కర్చీఫ్ నేనెట్ల ఎత్తేది?" అని ఆయన నన్నే తప్పు పట్టినట్టు చూశాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఆ పూజారికే అడ్డమొచ్చింది జానెడు గుడ్డ. ఆ వారమంతా రోజూ వచ్చి, దాన్ని గుడ్లురిమి చూసి, కొట్రేశ్‌ను లోపల్లోపల తిట్టుకుని బస్సెక్కాను. వాడు చదివినా బాధ లేకపోయేది. చదవడు! పత్రికలు తిరగేస్తూ కూర్చుంటాడు. గడ్డి కుప్ప మీది కుక్క తాను తినదు, ఆవును తిననివ్వదు.

శుక్రవారం వచ్చింది. పేపరు మర్నాడే ఇవ్వాలి. ఇక ఆగలేకపోయాను.

"ఏమప్పా కొట్రేశా, నువ్వూ చదవవు, ఇంగొకర్ని చదవనీవు. నీ కర్చీఫ్ ఎత్తుతావా లేదా?"

వాడు పత్రిక దించి నోరు తెరిచాడు. "నా కర్చీఫా? అది నీది కదా?"

"నాదేంది?"

"సోమవారం నుంచి చూస్తాండా. వచ్చేది, దాన్ని ఉరిమి చూసేది, పోయేది. నీదే అనుకుంటి. నువ్వు చదివినాక తీసుకుందామని ఊరికే కాచుకోని ఉండా."

"ఒక మాట అడగొచ్చు కదా?"

"నువ్వు చూసే చూపుకి అడిగేదెట్లమ్మా?" అని వాడు గొంతు తగ్గించాడు. "నిన్న ఫైనలియరోళ్లు వచ్చి బుక్కు ఎత్తబోయిరి. సిరిగేరి అమ్మాయిది, బస్సు లేటై ఉంటాది, ముట్టద్దండని చెప్పి పంపిస్తి."

నేను తిట్టని తిట్టు లేదు, వాడేమో నా పుస్తకానికి కాపలా కాశాడు. సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. వాడూ నవ్వాడు. హాల్లో అందరినీ అడిగాం, ఎవరూ తమది అనలేదు.

"ఎత్తు మరి," అన్నాడు కొట్రేశ్.

"నువ్వే ఎత్తు."

"వద్దులేమ్మా, దానివాళ్లు వస్తే?"

చివరికి నేనే రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తాను. హాల్లో తలలన్నీ లేచాయి. చిదానంద సార్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. కప్పు కూలలేదు. పుస్తకాన్ని మధ్యలో పెట్టుకుని, వాడు చదువుతుంటే నేను, నేను చదువుతుంటే వాడు రాసుకుంటూ ఆ పూటంతా కూర్చున్నాం.

మర్నాడు పేపర్లో ఈ కర్చీఫ్ సంగతీ రాసి, కొట్రేశ్‌తో కలిసి స్టాఫ్‌రూమ్‌కు వెళ్లి మేడమ్ చేతికిచ్చాను. చదివి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"కర్చీఫ్ ఎత్తకపోవడం సరే, అది అలవాటు. బస్సులో ఎవరిదని అడుగుతారు కదా. ఇక్కడ నువ్వు ఇన్ని రోజులు ఎందుకడగలేదు?"

"కొట్రేశ్‌దే అనుకున్నాను మేడమ్."

"వాడిదే అయితే వాడినే అడగొచ్చు కదా."

పక్కన కొట్రేశ్ నేల చూపులు చూస్తున్నాడు. చెప్పక తప్పలేదు. "అడిగితే వాడు నాకంటే ముందున్నాడని ఒప్పుకున్నట్టవుతుందని మేడమ్."

మేడమ్ పేపరు నా చేతిలో తిరిగి పెట్టింది. "ఆ మాట ఇందులో లేదు. రాసి ఇవ్వు, తీసుకుంటాను."

స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరే నిలబడి రాశాను. అంత లావు పుస్తకం ఒక్క పూటలో చదివినదాన్ని, ఆ ఒక్క వాక్యం రాసేసరికి మా ఊరి బస్సు వెళ్లిపోయింది.