మంచం దిగనీయని సేవ

ఉదయగిరి కర్ర గరిటెల నునుపును అందరూ మెచ్చుకుంటారు. వాటిని చెక్కినవాడి నడుమును ఎవరూ తడిమి చూడరు.

మహబూబ్ సుభాని పొద్దున నేలమీద చతికిలబడితే, కర్రను పాదం కింద నొక్కిపెట్టి, తల మోకాళ్లలోకి దించి సాయంత్రందాకా చెక్కేవాడు. ఏళ్ల తరబడి అదే వంపు. అయినా ఆ నడుము నిలిచిందంటే మధ్యమధ్యలో ఆయన లేచేవాడు గనుక. నమాజుకు లేచి, వంగి, నేలకు నుదురు ఆనించి మళ్లీ లేచేవాడు. ఎద్దులబండి తోలే మాల్యాద్రి కొండకింది నుంచి గరిటెలకు పనికొచ్చే నర్ది కర్ర తెస్తే ఎదురుపోయి దించుకునేవాడు. ఇంట్లో టీ ఉన్నా టీ కోసం బస్టాండు దాకా నడిచేవాడు. ఆ తిరుగుడే తన ఒంటిని కాపాడుతోందని ఆయనకు తెలియదు. ఆయన భార్య బీబమ్మకు అసలే తెలియదు. ఆమె దృష్టిలో అదంతా ఇంట్లో కాలు నిలవని మొగుడి వాలకం.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది వానాకాలంలో, తడిసిన మొద్దు ఒకటి ఎత్తబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. కొడుకు వహాబ్, మాల్యాద్రి కలిసి ఆయన్ను ఆత్మకూరు బస్సెక్కించారు. దారి పొడుగునా ఆయన తల బీబమ్మ ఒళ్లో ఉంది. ఆత్మకూరులో డాక్టరు నడుము నొక్కి చూసి సూది వేశాడు.

“పడుకోబెట్టండి. వంగకూడదు, బరువెత్తకూడదు. తగ్గకపోతే మళ్లీ రండి.”

ఎన్నాళ్లు పడుకోబెట్టాలో ఆయన చెప్పలేదు. బీబమ్మ అడగలేదు. బయట బెంచీ నిండా జనం, లోపల డాక్టరు చూపు అప్పుడే తలుపు మీద. ఉదయగిరి నుంచి వచ్చిన ఆడమనిషి ఏం అడుగుతుంది?

ఆ మాటను ఆమె ఇంటికి తెచ్చి మొక్కులాగా పట్టుకుంది. దానికీ కారణం ఉంది. ఆమె తండ్రి మర్రిపాడులో లారీ మీద నుంచి పడి, మర్నాడే లేచి పనికి పోయి, వారం తిరక్కుండా చనిపోయాడు. లేచినందుకే పోయాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. లోపల ఏం చిట్లిందో ఎవరు చూశారు? అప్పటినుంచి, దెబ్బ తగిలిన మనిషి లేచాడంటే బీబమ్మకు గుండె జారేది.

నీళ్లు మంచం దగ్గరికి వచ్చాయి. అన్నం మంచం మీదికి వచ్చింది. దొడ్డికి కూడా మంచం పక్కనే చట్టి పెట్టింది. ఒళ్లు తానే తుడిచేది. జబ్బు మనిషికి చెల్లుతుంది గనుక నమాజును పడుకునే సైగలతో కానిమ్మంది.

నెల తిరక్కముందే నొప్పి పోయింది. ఒక ఉదయం సుభాని కాళ్లు కిందికి వేలాడేశాడు.

“యాడికి, వహాబ్ అబ్బా?” అని మొగుణ్ణి ఆపింది బీబమ్మ.

“బస్టాండు దాకా పోయొస్తా. నొప్పి లేదే.”

“పడుకున్నందుకే లేదు. దిగబాక. దిగినావంటే నా మీద ఒట్టే.”

“పెళ్లినాటి నుంచి నీ మీద ఎన్ని ఒట్లు పెట్టినావో. అన్నీ ఫలించుంటే ఈపాటికి నీ సమాధి మీద నలభైసార్లు ఫాతిహా చదవాల.”

నవ్వి, కాళ్లు పైకి తీసుకున్నాడు. అబద్ధమెందుకు, ఆయనకూ అది రుచించింది. బుద్ధెరిగాక ఆయనకు ముద్ద కలిపి నోటికి అందించినవాళ్లు లేరు. పక్కింటి రహీమాబీ రోజూ వచ్చి, “కాలు కింద పెట్టనీకుండా చూస్తుండావు, నీ మాదిరిగా ఎవరు చేస్తారు బీబమ్మా” అనేది. ఆ మాట కోసం బీబమ్మ ఎదురుచూసేది కూడా.

మాల్యాద్రి ఒక్కడే అడ్డం మాట్లాడాడు.

“ఏం సుభానీ, నవాబువైపోయినావే. లెయ్, బండి దాకా రా.”

“లేవడు” అంది బీబమ్మ.

“నాకూ పట్టేసింది గదమ్మా పోయిన ఎండల్లో. బండెక్కలేక దాని పక్కనే నడిచినా. నడవంగా నడవంగా విడిచింది.”

“నీది ఎద్దుల ఎనకాల తిరిగే నడుమన్నా. ఆయనది కూర్చునే నడుము.”

“కూర్చునే నడుమైతే కూర్చోనన్నా పెట్టు. మొద్దును పడేసినట్టు పడేసినావేంది?”

“నేను వినాల్సింది డాక్టరు మాటా, బండోడి మాటా?”

మాల్యాద్రి తలగుడ్డ దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత కర్ర తెచ్చినా వాకిట్లో దించి పోయేవాడు. లోపలికి రాలేదు.

మరుసటి ఏడు రంజాన్ పండగ వచ్చింది. సుభాని పండగ నమాజుకు ఈద్గాకు పోతానన్నాడు. పండగ పూట కాదనలేక బీబమ్మ ఒప్పుకుంది. కొత్త లుంగీ కట్టించేటప్పుడు ఆయన పిక్కలు చూసింది. రోజూ తుడిచే కాళ్లే. ఆ రోజే చూసింది. కండ లేదు. ఎముక మీద చర్మం జారుతోంది. వహాబ్ ఒక రెక్క, ఆమె ఒక రెక్క పట్టుకుని నిలబెట్టారు. గడప కూడా చేరకుండానే కూలబడ్డాడు. వీధిలో ‘అల్లాహు అక్బర్’ అని తక్బీర్ చెప్పుకుంటూ జనం పోతున్నారు. ఆయన నేలమీద కూర్చుని ఆ జనం కాళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

మళ్లీ ఆత్మకూరు. ఈసారి జీపులో, వెనక సీట్లో పడుకోబెట్టి. అదే డాక్టరు.

“ఇన్ని నెలలు మంచంలో ఉంచారా? ఎవరు చెప్పారు మీకు?”

“తమరే సార్.”

డాక్టరు స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్లమీద పెట్టాడు. “వారం పది రోజులని చెప్పుంటాను.”

“చెప్పలేదు సార్. చెప్పుంటే నేనెట్లా మర్చిపోతా?”

కండలు కరిగిపోయాయి, కీళ్లు బిగుసుకున్నాయి అన్నాడు. నొప్పి తగ్గగానే లేపి నడిపించాల్సిందన్నాడు. ఇప్పుడైనా మెల్లగా కూర్చోబెట్టండి, కాళ్లు ముడిచి చాపించండి, నిలబెట్టి చూడండి, వస్తే రావచ్చు అన్నాడు. మొదటి రోజు చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్పాడు. లేపమని చెప్పడానికి మందు అక్కర్లేదు, మిషను అక్కర్లేదు, నోరుంటే చాలు. గరిటెలు చెక్కేవాడి ముందు ఆ నోరు సగంలోనే మూతబడుతుంది. అవతలి మనిషికేమో సగం మాటే వేదవాక్కు.

తిరిగొచ్చిన సాయంత్రమే బీబమ్మ మాల్యాద్రి ఇంటికి పోయింది. లోపలికి రమ్మన్నా పోకుండా వాకిట్లోనే నిలబడింది.

“రా అన్నా. ఆయన్ను లేపాల.”

మాల్యాద్రి ఎత్తిపొడవలేదు. చెప్పులేసుకుని వెంట వచ్చాడు.

ఆనాటి నుంచి పొద్దున్నే బీబమ్మ, వహాబ్, మాల్యాద్రి ముగ్గురూ పట్టి లేపేవారు. బిగిసిన మోకాలు చాపబోతే సుభాని కేక వీధి చివరికి వినపడేది. రహీమాబీ పరుగెత్తుకొచ్చింది.

“అల్లాకు భయపడు తల్లీ. మనిషిని అట్లా హింస పెడతారా? మొన్నటిదాకా ఎంత బాగా చూసుకుంటివి.”

బీబమ్మ పరాయి మనిషి మాటను ఎట్లానో దిగమింగింది. కొన్నాళ్లకు సుభానీ అదే అన్నాడు.

“వదిలెయ్ బీబీ. నీకు దండం పెడతా. ముందు బాగా చూసుకునేదానివి.”

మాల్యాద్రి మొహం పక్కకు తిప్పుకున్నాడు. వహాబ్ చేతులు వదిలేశాడు. బీబమ్మ వదల్లేదు. పళ్లు కరుచుకుని ఆ మోకాలిని ఇంకొంచెం చాపింది.

నిలబడటం ఆయనకు మళ్లీ రాలేదు. తర్వాత బతికిన ఏళ్లలో ఎన్నడూ రాలేదు. కూర్చోవడం కొంచెం వచ్చింది, అదీ ఆనుకుంటేనే. గోడకు ఆనిస్తే పక్కకు ఒరిగిపోయేవాడు. దిండ్లు పెడితే జారిపోయేవి. ఒక సాయంత్రం బీబమ్మ విసిగి దిండ్లన్నీ అవతలికి తోసేసింది. మంచమెక్కి, ఆయన వెనక అటు తిరిగి కూర్చుని, తన వీపును ఆయన వీపుకు ఆనించింది. కాళ్లు రెండూ మంచం పట్టెకు తన్నిపెట్టింది. ఆయన వెన్నెముక ఒక్కొక్క పూసా ఆమె వీపుకు తగులుతోంది.

సుభాని నిటారుగా కూర్చున్నాడు. ఆయన మొహం వీధి వైపు, ఆమె మొహం గోడ వైపు. ఎవరో సైకిల్ మీద పోతూ సలాం చెప్తే చెయ్యెత్తి బదులిచ్చాడు. మంచంలో పడ్డాక వీధిలో పోయే మనిషిని కూర్చుని పలకరించడం అదే మొదలు. ఆ చెయ్యి లేవడం బీబమ్మకు తన వీపులో తెలిసింది. అంతవరకు బిగబట్టుకున్నది ఇక ఆగలేదు. చప్పుడు రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది గాని, ఒళ్లంతా అదురుతోంది.

“కదలబాక బీబీ” అన్నాడు సుభాని. “నువ్వు కదిలితే నేను పడతా.”

“కదల్ను” అంది.