సుజాతమ్మకు చేరవలసిన మాటలు

అన్యాయం జరిగింది ఎవరికి? ఏ విధంగా?

చిక్కబళ్ళాపురంలో జెరాక్సు, టైపింగు అంగడి నడిపే సుజాతమ్మకు జరిగింది. ఆమె రాసిన రాతలకు రెండేళ్ళుగా వచ్చిన మెచ్చుకోలంతా మరొకరి పేరిట చేరింది. ఆమెకు ఆ సంగతే తెలియదు. తన రాతలను ఎవరూ చదవడం లేదని నమ్మి, రాయడం మానుకోవడానికి సిద్ధపడింది.

నేను చింతామణిలో ఉంటాను. కాన్వెంటులో చదువుకొని, కాన్వెంటులోనే ఇంగ్లీషు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. కొంతకాలంగా తెలుగులో ఒక బ్లాగు రాస్తున్నాను. నెలకొకసారి తోటి బ్లాగరు ఒకరి శైలిని గురించి వ్యాసం రాయడం నా నియమం. పొగడడం నాకు చేతకాదు. ఆ మనిషి వాక్యాన్ని ఎక్కడ మొదలుపెడతాడో, ఎక్కడ ఆపుతాడో, దేనిని చెప్పకుండా విడిచిపెడతాడో చూపిస్తాను. పాతపాళ్య ఊరి బ్లాగరు అమరేష్ వానను గురించి రాసినప్పుడు మబ్బుతో మొదలుపెట్టడు. విత్తనాల ధర అడగడానికి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగి వచ్చిన తండ్రి చెప్పులతో మొదలుపెడతాడు. అతణ్ణి చదివిన తరువాతనే నేను నా వ్యాసాలలో మొదటి పేరా కొట్టివేయడం నేర్చుకున్నాను.

రెండువేల ఎనిమిది నవంబరులో పింఛను కాగితాలకు నకళ్ళు తీయించుకోవడానికి సుజాతమ్మ అంగడికి వెళ్ళాను. కంప్యూటరు తెర మీద కన్నడ అక్షరాలు ఉన్నాయి. చదివితే భాష మాత్రం తెలుగు. కర్ణాటకలోని మా జిల్లాలో ఇది వింత కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ కావడం వల్ల చాలామందికి తమ భాష తెలుసు గాని దాని అక్షరాలు తెలియవు. పెళ్ళిపాటలైనా, మందుల చిట్కాలైనా కన్నడ లిపిలోనే రాసుకుంటారు. సుజాతమ్మ తన బ్లాగునూ అలాగే రాసింది. ఆ లిపి ఆంధ్రదేశపు బ్లాగు పాఠకులకు రాదు. ఆ భాష కన్నడ పాఠకులకు అర్థం కాదు. రెండూ వచ్చిన మా వాళ్ళకు బ్లాగంటే ఏమిటో తెలియదు.

ఆమె అనుమతితో ఒకటి చదివాను. ఒక ముసలాయన రేషన్ కార్డు నకలు కోసం వస్తాడు. చనిపోయిన భార్య పేరు మీద ఆఫీసువాళ్ళు గీత కొట్టి ఉంటారు. ఆ తరువాత సుజాతమ్మ ఇలా రాసింది:

“గీత మాత్రం పడకుండా తీసేకి అయితాదా అని అడిగినాడు. కాగితం ముక్క అడ్డం పెట్టి తీసినాను. గీత పోయింది. పేరూ పోయింది. రెండు నకళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసినాడు. గీత ఉండేదే తీసుకొని పోయినాడు.”

అంతే. ఇంకొకరైతే ఉపదేశం మొదలుపెట్టే చోట ఆమె ఆపింది. ఆపడం చాలామందికి రాదు.

అయితే ఇది నేను మునుపే చదివాను. తెలుగు లిపిలో, బాగేపల్లి బట్టల వర్తకుడు ఆదినారాయణప్ప బ్లాగులో, అతని పేరు మీద చదివాను. మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు కూడా రాశాను. ఆ ప్రతిలో చివర ఒక వాక్యం అదనంగా ఉండేది: “మనిషి బతుకంటే ఇంతే కదా.”

ఆదినారాయణప్పను ఎరుగుదువా అని అడిగాను. ఎరుగుదునని సంతోషంగా చెప్పింది. తన బట్టల అంగడి కాగితాలు టైపు చేయించుకోవడానికి వచ్చేవాడట. తెలుగు బాగా చదువుకున్న మనిషని, తన రాతలు చూసి ఎలా ఉన్నాయో చెప్పమని తానే బ్లాగు చిరునామా ఇచ్చిందట.

“ఏమీ చెప్పలేదమ్మా ఆయప్ప. బాగలేవేమో, మొగం మీద చెప్పేకి మొగమాటమేమో అనుకొంటిని,” అంది. “చదివేటోళ్ళు లేనిదానికి ఎందుకు? ఈ నెలతో నిలిపేస్తాను.”

ఆ రోజు నేనేమీ చెప్పలేదు. నింద మోపే ముందు తేదీలు సరిచూడాలి. ఇంటికి వెళ్ళి రెండు బ్లాగులనూ పక్కపక్కన తెరిచాను. ప్రతి రాతా ముందు ఆమె వద్ద, కొన్నాళ్ళకు అతని వద్ద. అతని స్వంత రాతలలో సమాసాలు కిక్కిరిసి ఉంటాయి. వీటిలో ఒక్కటీ లేదు. ప్రతిదాని చివరా ఒక నీతివాక్యం అతికించి ఉంది.

మరుసటి వారం బస్సెక్కి బాగేపల్లి వెళ్ళాను. ఆదినారాయణప్ప నన్ను గుర్తుపట్టి, అంగట్లో పరుపు మీద కూర్చోబెట్టి, కాఫీ తెప్పించాడు. నేను ముట్టలేదు. వచ్చిన పని చెప్పాను. అతను కాదనలేదు. మొదటి రాత వేసినప్పుడు ఆమె పేరు రాద్దామనే అనుకున్నాడట. అంతలోనే మెచ్చుకుంటూ జనం రాశారట. ఆ తరువాత ఆమె పేరు పెట్టడానికి చేయి రాలేదట. ఇది నిజమేనని నేను నమ్మాను. నిజమైనంత మాత్రాన తప్పు తగ్గదు.

“అయినా టీచరమ్మా, కన్నడ అక్షరాల్లో ఉండేది ఎవురు చదువుతారు? నేను లిపి మారిస్తే కదా జనం చూసింది,” అన్నాడు.

“ఈ చీర యాడిది అంటే ధర్మవరం నేత అని చెప్తావు కదా, ఆదినారాయణప్పా. మడత మార్చి పెట్టినాను కాబట్టి నేసింది నేనే అని ఏ గిరాకీకైనా చెప్పినావా?”

చీరలు చూస్తున్న ఆడవాళ్ళు చేతులాపి ఇటు తిరిగారు. అతను గొంతు తగ్గించాడు.

“ఈ పొద్దే అన్నీ తీసేస్తాను. సరిపోతాది కదా?”

“తీసేస్తే, ఆమెకు రావలసిన మాటలు కూడా వాటితోనే పోతాయి. అది రెండో దొంగతనం.”

చేయవలసినవి చెప్పాను. ప్రతి రాత మీదా సుజాతమ్మ పేరు పెట్టాలి. అతికించిన నీతులు తీసివేయాలి. జరిగినది తన బ్లాగులోనే రాయాలి. తెలుగు అక్షరాలు ఆమెకు రావు గనుక, జనం రాసిన ప్రతి మెచ్చుకోలునూ ఆమె అంగట్లో కూర్చొని ఆమెకు చదివి వినిపించాలి. వచ్చే నెల నా వ్యాసం సుజాతమ్మ శైలి గురించేనని, తేదీలన్నీ అందులో ఉంటాయని కూడా తెలియజేశాను.

“ఊర్లో నలుగురూ పెద్దమనిషి అనుకొనేటోన్ని. జెరాక్సు అంగట్లో కూర్చొని చదివేదా?”

“నలుగురి ముందర తీసుకొన్నావు. నలుగురి ముందరే ఇయ్యి.”

బ్లాగులో చేయవలసినవన్నీ చేసి, అతను సుజాతమ్మ అంగడికి వచ్చాడు. ముందు రోజే నేను వెళ్ళి జరిగినదంతా సుజాతమ్మకు చెప్పి ఉన్నాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. అతనికి ఒక స్టూలు వేసి, కంప్యూటరును అతని వైపు తిప్పింది.

అతను చదవసాగాడు. నెల్లూరు నుంచి ఒకావిడ, ఈ మనిషికి ఎదుటివారి మాట వినడం తెలుసునని రాసింది. కర్నూలు నుంచి ఒకాయన, రేషన్ కార్డు కథ చదివి ఆ పూట ఆఫీసుకు వెళ్ళలేదని రాశాడు. నకళ్ళ కోసం వచ్చినవాళ్ళు వరుసలో నిలబడి విన్నారు. ముత్యాలప్ప అనే ముసలి రైతు, ఇదేమన్నా పురాణమా అని అడిగాడు. కాదప్పా, బాకీ తీరుస్తాండారు అని సుజాతమ్మ చెప్పింది.

ఒకచోట అతను ఆగి, ఒకటి దాటవేయబోయాడు. అడిగితే, అది చివరి నీతివాక్యాన్ని మాత్రమే మెచ్చుకున్నదని ఒప్పుకున్నాడు.

“అది మీదే కదప్పా. మీరే పెట్టుకోండి,” అంది సుజాతమ్మ. వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. అతనూ కొంచెం నవ్వక తప్పలేదు.

గొంతు ఎండితే నీళ్ళు ఇచ్చింది. నెల్లూరావిడ రాసినది మరొకసారి చదవమంది. ఇకపై ఆమె రాసేవాటిని కూడా తెలుగు లిపిలోకి మార్చి పెట్టనా అని అతనే అడిగాడు. తన పేరు వేసి, ముందు తనకు చదివి వినిపిస్తే మార్చవచ్చునని, వచ్చే వారానికి ఒకటి రాసి ఉంచుతానని ఆమె చెప్పింది.

మధ్యాహ్నం దాటాక అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఇంకా ఉండాయా?” అని ఆమె అడిగింది.

“లేవమ్మా. అన్నీ అయినాయి.”

“ముట్టినాయప్పా,” అంది సుజాతమ్మ.