గుడివాడ బస్టాండులో సముద్రపు చేపలు

ప్రద్యుమ్నకి అభిప్రాయం లేని యంత్రం ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. బందరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతాడు. జీతం ఆ పాఠాలకి వస్తుంది. తృప్తి మాత్రం ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ‘బందరు టెక్నాలజీ మిత్రమండలి’ అనే వాట్సాప్ గ్రూపులో రాసే నాలుగు ముక్కల వల్ల వస్తుంది. గ్రూపులో రెండు వందల పద్నాలుగు మంది ఉన్నారు. చదివేవాళ్లెందరో తెలీదు గానీ, చదవకుండా దండం బొమ్మ పెట్టేవాళ్లు చాలామందే.

మడతపెట్టే ఫోను గురించి అతని తీర్పు ఇది: “అది మడత మంచం లాంటిది. కొన్న వారం రోజులూ ఇంటికొచ్చిన ప్రతివాడికీ మడిచి చూపిస్తాం. ఎనిమిదో రోజు నుంచి అది పరిచే ఉంటుంది.” వీడియో గేముల గురించి: “చచ్చిపోతే మళ్లీ మొదటి నుంచీ ఆడాల్సిన ఆటే ఆట. మలుపు మలుపుకీ సేవ్ చేసుకునేవాడు వీరుడు కాదు, గుమస్తా.” సైన్స్ ఫిక్షన్ సినిమాల మీదయితే పెద్ద కక్షే ఉంది. “గాలి లేని అంతరిక్షంలో పేలుడు వినిపిస్తే నేను లేచి వచ్చేస్తాను. పైగా భవిష్యత్తు ఎప్పుడు చూసినా చీకట్లో, నీలం దీపాల కింద ఉంటుంది. గెలాక్సీలు దాటినవాళ్లకి ఒక ట్యూబులైటు దొరకలేదా?”

వీటన్నిటికీ అడ్డుపుల్ల వేసే మనిషి ఒకరున్నారు. గోవర్ధనరావుగారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఎవరైనా శాస్త్రం తప్పు మాట్లాడితే ఆయనకి అన్నం సహించదు. అలాంటి తప్పు ప్రద్యుమ్న నోటి నుంచి ఎప్పుడు జారుతుందా అని ఆరేళ్లుగా కాచుకుని కూర్చున్నారు. ప్రద్యుమ్న జారనిచ్చేవాడు కాదు. ఆ సంగతి అతనికి లోపల్లోపల మహా గర్వంగా ఉండేది.

జూన్ తొమ్మిదిన బందరు చేపల రేవు గిలకలదిండి నుంచి చిట్టెమ్మ వచ్చింది. ఆమె భర్త ఎల్లయ్య ఒక బోటుకి యజమానీ, సరంగూ తనే. అంటే బోటు నడిపేదీ, ఎక్కడ వల వెయ్యాలో తేల్చేదీ ఆయనే. వాళ్లమ్మాయి సుగుణ ప్రద్యుమ్న దగ్గర చదువుకుంది. వేసవిలో రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం కదా, బోట్లన్నీ రేవులోనే ఉన్నాయి.

“మా ఆయన నాగాయలంక వెళ్లాడండి, ఇంజను సామానుకి. పదిహేనో తారీకు వేట మొదలండి,” అంటూ చిట్టెమ్మ సంచిలోంచి రెండు జీపీఎస్ డబ్బాలు తీసింది. ఒకటి కొత్తది. రెండోది ఇరవై ఏళ్లు బోటులో బతికినది. “ఈ పాతదాంట్లోయి కొత్తదాంట్లోకి ఎక్కిచ్చి పెట్టండి మాస్టారూ. ఆయన్నడిగితే రేపు మాపు అంటాడు. వచ్చేసరికి అయిపోయుంటే సంతోషిస్తాడని.”

పాత డబ్బాతో పాటు కాస్త సముద్రం కూడా హాల్లోకి వచ్చింది. ప్రద్యుమ్న భార్య శ్రీలలిత మర్యాదగా కిటికీ రెక్కలు తెరిచింది. ప్రద్యుమ్న మాత్రం డబ్బాని పసిపిల్లలా ఎత్తుకున్నాడు. రబ్బరు బటన్లు! తడి చేత్తో నొక్కినా పలికే బటన్లు! టచ్ స్క్రీన్ల మీద చిట్టెమ్మకి పావుగంట ఉపన్యాసం ఇచ్చి పంపాడు.

పాతదాని తీగకి సరిపడే రంధ్రం ఈ కాలపు కంప్యూటర్లలో లేదు. అందుకని దాంట్లో దాచి ఉన్న చోట్ల అక్షాంశ రేఖాంశాల నెంబర్లన్నీ చూసి చూసి కంప్యూటర్లో కొట్టి, మ్యాపు మీద చుక్కలుగా పెట్టాడు. మొత్తం నలభై ఒకటి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కోదానికి ఒక్కో పేరు: చిట్టి, లడ్డు, బామ్మర్ది, అత్తగారు. మ్యాపు తెరుచుకోగానే ప్రద్యుమ్న కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. మూడు చుక్కలు మాత్రమే నీళ్లలో ఉన్నాయి. మిగతా ముప్పై ఎనిమిదీ నేల మీద! చిట్టి గుడివాడ బస్టాండులో ఉంది. అత్తగారు పెదపారుపూడి వరిచేలో దిగబడింది. బామ్మర్ది బందరు పక్క గూడూరు దగ్గర కాలవగట్టున, లడ్డు ఈ జిల్లాలోనే ఉన్న శ్రీకాకుళం ఊరి గుడికి కాస్త అవతల కృష్ణ ఒడ్డున ఉన్నారు.

ఇంత చక్కని సంగతి ఆదివారం దాకా ఆగుతుందా? చుక్కల బొమ్మా, నెంబర్ల పట్టికా గ్రూపులో పెట్టేసి కింద రాశాడు: “గాడ్జెట్లలో నాణ్యత ఏమైపోయింది? ఈ పరికరం ప్రకారం గుడివాడ బస్టాండులో సముద్రపు చేపలు దొరుకుతాయి. ప్లాట్‌ఫారం నెంబరు మాత్రం చెప్పడం లేదు.” ఎవరిదో, ఏ బోటో రాయకపోవడం ఒక్కటే ఆ రోజు చేసిన తెలివైన పని. అరవై మూడు మంది పళ్లికిలించిన బొమ్మలు పెట్టారు. ఆ ఊపులో కొత్తదానిలోకి సరైనవి మూడే ఎక్కించాడు. జబ్బంతా పాతదాని మెమరీలో ఉందని తేల్చి, దాన్ని మొత్తం తుడిచేశాడు. పట్టిక మూసేస్తుంటే సేవ్ చేయమంటారా అని కంప్యూటరు అడిగింది. చెత్తని ఎవరు దాచుకుంటారు? వద్దన్నాడు.

పదకొండో తారీకు పొద్దున ఎల్లయ్య వచ్చాడు. వెనకాల చిట్టెమ్మ ఉంది, మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“మూడే ఉన్నాయండి మాస్టారూ,” అన్నాడు ఎల్లయ్య.

“అవునండీ. మిగతావన్నీ తప్పులు. శుభ్రం చేసేశాను.”

“తప్పులు కాదండి. తప్పు నేనే కొట్టానండి, కావాలని.” ఎల్లయ్య కుర్చీ అంచున కూలబడ్డాడు. “రేవులో ఉన్న బోటులోంచి ఎవడైనా డబ్బా ఎత్తుకెళ్లొచ్చు. బోటులో పనిచేసే మన కలాసీయే నెంబర్లు రాసుకుని ఇంకో బోటెక్కొచ్చు. అందుకని ముందు నెంబరుకి ఇంత కలిపి, వెనకదాంట్లో ఇంత తీసి దాస్తానండి. సముద్రం మీదికెళ్లాక మనసులో వెనక్కి లెక్కేసుకుంటాను. ఆ లెక్క ఎంతో దీనిక్కూడా తెలీదండి,” అని పెళ్లాం వైపు చూపించాడు.

“నాకు చెప్తే గుడివాడెళ్లి చేపలట్టుకొస్తాననా?” అంది చిట్టెమ్మ, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో.

“గుర్తున్నంతవరకూ చెప్పండి, మళ్లీ కొడదాం,” అన్నాడు ప్రద్యుమ్న.

“ముప్పై ఎనిమిదీ గుర్తుంటే ఈ డబ్బా ఎందుకండీ? నీళ్ల కింద రాళ్లున్న చోట్లండి అవన్నీ, చేప అక్కడే చేరుద్ది. ఒక్కో చోటు కనిపెట్టడానికి ఒక్కో వల చించుకున్నాను. బోటు మీద ఏడు కుటుంబాలు బతుకుతున్నాయి.”

పదిహేనేళ్లుగా ఊరందరికీ యంత్రాల గురించి నీతులు చెప్పినవాడు ఒక మనిషి ఇరవై ఏళ్ల కష్టాన్ని ఒక్క బటన్ నొక్కి తుడిచేశాడు. ప్రద్యుమ్నకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, పట్టిక గ్రూపులో ఉంది. ప్రాణం లేచొచ్చింది గానీ, ఆ పట్టిక చూపించాలంటే కింద రాసిన వెటకారం కూడా చూపించాలి. ఫోను శ్రీలలిత చేతికిచ్చాడు. ఆమె ప్లాట్‌ఫారం నెంబరు దాకా పైకి చదివి, మొగుడి వైపు ఒక చూపు చూసింది.

“ఎంతమంది చూశారండీ?” అన్నాడు ఎల్లయ్య.

“రెండొందల పద్నాలుగు.”

ఎల్లయ్య ఫోను తెర మీదికి వంగి చూశాడు. తరవాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. “చూడనియ్యండి. వలేసుకుని గుడివాడ బస్సెక్కుతారు. దీనికే గదండీ ఇన్నేళ్లూ తప్పు కొట్టింది!”

ఇద్దరూ కూర్చుని ఒక్కొక్క నెంబరూ కొత్తదాంట్లోకి ఎక్కించారు. “ఈ అత్తగారేంటండీ?” అన్నాడు ప్రద్యుమ్న మాటవరసకి.

“మునిగిపోయిన స్టీమరండి. వల పడిందంటే చింపి పంపిస్తది.”

“ఏంటీ?” అంది గుమ్మం దగ్గర నుంచి చిట్టెమ్మ.

“మీ అమ్మ కాదే. ఊరికే, లోకంలో అత్తగారు.”

మునిగిన స్టీమరు ఎక్కడుందో ఓడల మ్యాపుల్లో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. ప్రద్యుమ్న చెయ్యి అలవాటుగా ఆ మ్యాపు తెరిచింది, బుర్ర అడక్కుండానే కూడికా తీసివేతా చేసేసింది. అరనిమిషంలో ఎల్లయ్య ఇరవై ఏళ్ల రహస్యం అతని ముందు విప్పిన పొట్లంలా ఉంది. ఆ లెక్క ఎంతో నేను చెప్పను, మీరూ అడక్కూడదు. ప్రద్యుమ్నకి మాత్రం కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. పాస్‌వర్డు లేదు, తాళం లేదు, అందరి కళ్లెదుటా పెట్టినా ఎవరికీ దొరకని భద్రత! ఆరు ఆదివారాలకి సరిపడా అభిప్రాయం గొంతు దాకా వచ్చింది. ఎల్లయ్య చేతివేళ్లు బటన్ల మీద మెల్లగా నడుస్తున్నాయి. ప్రద్యుమ్న లేచి వెళ్లి చెంబెడు మంచినీళ్లు తాగొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే గ్రూపులో గోవర్ధనరావుగారు ప్రత్యక్షమయ్యారు. “ప్రద్యుమ్నగారి బొమ్మని క్షుణ్ణంగా చూశాను. పరికరం చెడితే చుక్కలు చెల్లాచెదురవ్వాలి. ఇవి అలా లేవు. ఎవరో గడుసువాడు అన్నిటినీ ఒకే కొలతలో పక్కకి జరిపాడు. ఒక్క చుక్క అసలు చోటు తెలిస్తే మిగతావన్నీ దొరుకుతాయి. సభ్యులు ప్రయత్నించగలరు.”

కింద నాని జవాబు ఉంది. నాని బోటు గిలకలదిండిలో ఎల్లయ్య బోటుకి రెండు బోట్ల అవతల ఉంటుంది. “అత్తగారంటే వల చిరిగే చోటయ్యుంటదండీ. సాయంత్రం నా డబ్బాలో చూసి చెప్తాను.”

ప్రద్యుమ్న చేతిలో కాఫీ చల్లారిపోయింది. బొమ్మ తీసేద్దామంటే వాట్సాప్ ఇచ్చే గడువు దాటింది, పైగా అందరి ఫోన్లలోనూ ఉంది. ఆగండి బాబూ అంటే, అందులో ఏదో ఉందని తనే చాటింపు వేసినట్టు. సాయంత్రానికల్లా ఏడు కుటుంబాల తిండి నాని చేతిలో ఉంటుంది.

అతనికి గోవర్ధనరావుగారి సంగతి బాగా తెలుసు. ఆయనకి ఎంత గొప్ప చిక్కుముడి ఇచ్చినా, పక్కన ఫిజిక్సు తప్పు ఒకటి కనిపిస్తే ముడి వదిలేసి తప్పు మీద పడతారు. చిన్న తప్పు చాలదు. ఊరంతా చెప్పుకునే తప్పు కావాలి. ప్రద్యుమ్న తలుపు వేసుకుని గంటసేపు రాశాడు. జన్మలో దేనికీ అంత కష్టపడలేదు.

“గోవర్ధనరావుగారూ, మీరు పొరబడ్డారు. వేడిగాలి పైకి లేస్తుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఉపగ్రహాల నుంచి దిగే సిగ్నళ్లు బందరు ఎండకి వేడెక్కి తేలికవుతాయి, పైకి లేస్తాయి. మ్యాపులో పైన అంటే ఉత్తరం. అందుకే చుక్కలన్నీ గుడివాడ వైపు లేచాయి. చలికాలంలో వాటంతటవే కిందికి దిగుతాయి.”

వేలు బటన్ మీద ఆగింది. ఆరేళ్లుగా ఒక్క తప్పు దొర్లకుండా కట్టుకున్న పేరు అది. అతనికి ఉన్న ఆస్తల్లా అదే. కళ్లు మూసుకుని నొక్కేశాడు.

ఏడు నిమిషాలు గడిచాయి. తరవాత గోవర్ధనరావుగారి నుంచి పదకొండు వాయిస్ మెసేజులు వరసగా వచ్చాయి. మొదటిదాంట్లో ఆవేదన, నాలుగోదాంట్లో రేడియో తరంగాల పుట్టుపూర్వోత్తరాలు, తొమ్మిదోదాని నుంచి మాత్రం పట్టలేని ఆనందం. జనం విరగబడ్డారు. “సార్, ఏసీ వేస్తే గుడివాడ బందరుకి వస్తుందా?” “మా ఇల్లు కూడా కాస్త లేచినట్టుంది, చూసి చెప్పండి.” దండం బొమ్మలవాళ్లు కూడా ఆ రోజు చదివారు.

చివరికి గోవర్ధనరావుగారే తేల్చేశారు: “ఇలాంటి మనిషి చేత్తో కొట్టిన నెంబర్లని నమ్మి నేను ఒక రోజంతా పాడుచేసుకున్నాను.”

“డబ్బా చెడింది, మాస్టారికి ఎండదెబ్బ తగిలింది, అంతేనండి,” అని రాశాడు నాని. అత్తగారి ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

“మీరే రైటు మాస్టారూ. ఫిజిక్సు మళ్లీ చదువుకుంటాను,” అని ప్రద్యుమ్న రాశాడు. ఆ వాక్యం రాయడానికి ముందుదాని కంటే ఎక్కువసేపు పట్టింది.

శ్రీలలిత ముందు పగలబడి నవ్వింది. తరవాత నవ్వు తగ్గి దగ్గరికొచ్చింది. “ఏవండీ, నిజంగానే అలా అనుకుంటున్నారా?”

“అనుకుంటున్నాను.”

ఆమె అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఆవిడకైనా చెప్పేస్తే బరువు దిగుతుందనిపించింది. కానీ రహస్యం తనది కాదు కదా. ఊరుకున్నాడు.

కాలేజీలో పిల్లలు ఫోన్లు కిటికీలోంచి బయటికి చాచి, “చల్లారుస్తున్నాం సార్,” అన్నారు. ఆదివారం ఎవరో మంచి ల్యాప్‌టాప్ చెప్పమని గ్రూపులో గోవర్ధనరావుగారిని అడిగారు. ఆయన ఒకటి చెప్పారు. దాని కంటే రోలు నయం. ప్రద్యుమ్న పెద్ద జవాబు టైపు చేసి, ఎవరు నమ్ముతారులే అని చెరిపేశాడు. అతనికి చాలా బాధేసింది. ఈ మాట దాచడం దేనికి?

వేట మొదలైన వారానికి సాయంత్రం నాలుగింటికి ఎల్లయ్య గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, బట్టలు వాసనండి అన్నాడు. ఎండకి మొహం నల్లబడింది. కళ్లు మాత్రం నిండుగా ఉన్నాయి.

“ఎలా ఉందండీ వేట?” అన్నాడు ప్రద్యుమ్న.

“అన్నీ ఉన్న చోటునే ఉన్నాయండి.”

ఎల్లయ్య రోడ్డు వైపు ఒకసారి చూశాడు. ఆటో ఒకటి వెళ్లింది.

“మీరు రాసింది నాని రేవులో చదివి వినిపించాడండి. సిగ్నళ్లు వేడెక్కడం, పైకి లేవడం. అంతకు ముందు ఆ పెద్దాయన రాసింది కూడా చదివాడు. ముందది, తరవాత మీది.” ఎల్లయ్య గేటు ఊచ పట్టుకున్నాడు. “రేవంతా పడీపడీ నవ్వారండి. కలాసీలైతే వలలు వదిలేసి మరీ నవ్వారు.”

ప్రద్యుమ్న తల వంచుకున్నాడు. “తెలుసండీ. అందరూ నవ్వుతున్నారు.”

“నేను నవ్వలేదండి, మాస్టారూ,” అన్నాడు ఎల్లయ్య.