రామమూర్తి బండి

బ్రేకు పెడలు నేలకి ఆనింది. నరేంద్ర కాలు తీసి మళ్ళీ తొక్కాడు. మళ్ళీ నేలకే ఆనింది.

"ఏమైందండీ?" అంది పక్కన కూర్చున్న మనోజ్ఞ.

భర్త మూడోసారి తొక్కాడు. పెడలు మెత్తగా కిందికి పోయింది. ద్వారకా తిరుమల కొండ మీద వాహన పూజ చేయించుకుని పది నిమిషాలు కూడా కాని ఆ పాత మిలటరీ ట్రక్కు, మెడలో బంతిపూల దండ ఊపుకుంటూ పల్లంలో వేగం అందుకుంది.

"పట్టుకో. గట్టిగా పట్టుకో."

పట్టుకోడానికి ఆ బండికి తలుపుల్లేవు. మనోజ్ఞ ఎదురుగా ఉన్న ఇనప కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. నరేంద్ర గేరు తగ్గించాడు. ఇంజను గోలపెట్టింది. హ్యాండ్ బ్రేకు లాగాడు. కాలిన వాసన వచ్చింది గానీ బండి ఆగలేదు. ఎదర మలుపు. మలుపు దాటితే బొమ్మల దుకాణాలు. వాటి ముందు, అప్పుడే గుండ్లు చేయించుకుని నెత్తిన గంధం రాసుకున్న పిల్లలు, వాళ్ళకి బూరలు బేరమాడుతున్న తల్లి.

నరేంద్ర హారన్ మీద చెయ్యి నొక్కిపెట్టి అరిచాడు. పిల్లల్ని ఎవరో పక్కకి లాగారు. ఎడమ పక్క గోడ కట్టడానికి పోసిన కంకర గుట్ట కనిపించింది. అతను స్టీరింగు మొత్తం అటు తిప్పేశాడు.

బండి గుట్టలోకి దూరి, సగం ఎక్కి, ఓ దుకాణం పందిరిని కూల్చి ఆగింది. ప్లాస్టిక్ బొమ్మలూ గాజులూ జలజలా రాలాయి.

నరేంద్ర కుడి భుజం స్టీరింగుకి కొట్టుకుంది. చెయ్యి లేవడం లేదు. మొహమంతా చెమట. అతని నోటివెంట వచ్చిన మొదటి మాట మనోజ్ఞ మర్చిపోలేదు.

"ముందు రేకు నొక్కుకుపోయిందా?"

నీకేమైనా అయిందా అని కాదు.

నలుగురూ పట్టుకుని దింపబోతే అతను వినలేదు. ఎడమ చేత్తో తన కాళ్ళ దగ్గరి రబ్బరు మ్యాటు పక్కకి తీశాడు. నేల రేకులో చిన్న మూత ఉంది. దాని కింద బ్రేకాయిల్ ఉండే మాస్టర్ సిలిండర్. మూత తిప్పి లోపలికి వేలు పెట్టాడు. వేలు పొడిగా పైకొచ్చింది.

"కారిపోయి ఉంటుందిలెండి," అంది మనోజ్ఞ.

"కారితే చక్రాల దగ్గర తడి కనపడాలి. ఎక్కడా చుక్క లేదు. నిన్న సాయంత్రం నేనే నిండా పోశాను. ఎవరో తోడేశారు."

"మరి ఇక్కడిదాకా వచ్చాం కదండీ. దారిలో బ్రేకు పడింది కదా."

"అడుగున కాస్త వదిలేసి ఉంటాడు. అది ఉన్నంతసేపు పడుతుంది. అదీ అయిపోయి గాలి దూరితే ఇంతే." అతను పళ్ళు బిగించాడు. "మీ తమ్ముడు మనిద్దర్నీ చంపేద్దామనుకున్నాడు."

* * *

ఆ ట్రక్కు మనోజ్ఞ తండ్రిది. రామమూర్తికి కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. వయసులో ఉండగా దాన్ని మిలటరీ వేలంలో కొన్నారు. నాలుగు చక్రాలూ లాగే బండి. కొల్లేరు పొంగి గట్లు తెగిన సంవత్సరం లంక గ్రామాలకి బియ్యం బస్తాలు చేరేసింది అదొక్కటే. ముందు రేకు మీద తెల్లరంగుతో 'రామమూర్తి, కైకలూరు' అని ఉండేది. ఆ చుట్టుపక్కల దాన్ని ట్రక్కని ఎవరూ అనలేదు. రామమూర్తి బండి అన్నారు.

తర్వాత ఒకనాడు ఆయన చేతిలోనే ఇంజను పట్టేసింది. బెజవాడ నుంచి కూడా మెకానిక్కుల్ని పిలిపించారు. లాభం లేకపోయింది. "దాని ఆయుష్షు తీరింది. ఇంక ఎవడివల్లా కాదు," అని ఊరందరికీ చెప్పి చెరువు గట్టు మీద వదిలేశారు. కొడుకు శ్రీకర్ బాగుచేస్తానంటే, "నావల్ల కానిది నీవల్ల అవుతుందట్రా," అని నవ్వారు. తాడేపల్లిగూడెంలో మోటారు విడిభాగాల దుకాణం నడుపుతున్న అల్లుడు అడిగితే మాత్రం నవ్వలేకపోయారు. అల్లుడి మాట కాదనడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు.

నరేంద్ర దాన్ని ఇంటి వెనక షెడ్డులో పెట్టుకుని రెండేళ్ళు కూర్చున్నాడు. దుకాణం మూసి రాగానే షెడ్డే. అన్నం కూడా అక్కడికే. తుప్పు గీకాడు, రేకులు అతికాడు, ఇంజను విప్పి పరుపు పరిచినట్టు పరిచి మళ్ళీ బిగించాడు. "మా ఆవిడ దీన్ని సవతి అంటుందండీ," అని వచ్చినవాళ్ళందరికీ మురిసిపోతూ చెప్పేవాడు. మనోజ్ఞ మాత్రం ఆ మాట నవ్వుతాలకి అనలేదు. ఆయన షెడ్డులో లేనప్పుడు వెళ్ళి, సవతి చీర చూసినట్టు దాన్ని అంగుళం అంగుళం చూసి వచ్చేది. ఈసారి దీనికేం పెట్టారు? నాకు లేని ఏ ముచ్చట జరిగింది?

ఆదివారం ఏలూరులో పాత వాహనాల ప్రదర్శన. దానికి ముందు కొండ మీద పూజ. పూజ కోసం రామమూర్తి, శ్రీకర్ ముందురోజే కైకలూరు నుంచి వచ్చారు. నరేంద్ర షెడ్డు తలుపులు తీసి చూపించాడు. మిలటరీ పచ్చరంగుతో బండి మెరిసిపోతోంది. ముందు రేకు మీద కొత్త అక్షరాలు. 'నరేంద్ర, తాడేపల్లిగూడెం'.

రామమూర్తి ఆ అక్షరాలు చదువుకుని, "బాగుందండీ అల్లుడుగారూ," అన్నారు. శ్రీకర్ టాపు వైపు చూశాడు.

ఆ సాయంత్రం నరేంద్ర నిమ్మకాయలూ దండా తేవడానికి బజారుకెళ్ళి వచ్చేసరికి శ్రీకర్ షెడ్డులోంచి బయటికొస్తున్నాడు. తెల్లారి కొండకి రమ్మంటే, తలనొప్పన్నాడు. రామమూర్తి మోకాళ్ళ నొప్పులన్నారు. ఇద్దరూ ఇంటిదగ్గరే ఆగిపోయారు.

* * *

మధ్యాహ్నానికి బండిని క్రేనుకి తగిలించి షెడ్డుకి తెచ్చారు. భుజం ఎముక విరిగిందని నరేంద్రకి కట్టు కట్టారు. వెనకే ఎస్సై విజయ్ కుమార్ వాంగ్మూలం కోసం వచ్చాడు. షెడ్డులోనే కుర్చీలు వేశారు.

రంగు డబ్బాల వెనక పెద్ద ప్లాస్టిక్ సిరంజి దొరికింది. చేపల చేత గుడ్లు పెట్టించడానికి వాటికి మందెక్కించే రకం. గొట్టం నిండా బ్రేకాయిల్ జిడ్డు.

"ఇది నా దుకాణంలో ఉండేది కాదండీ," అన్నాడు నరేంద్ర. "చెరువుల దగ్గర ఉండేది. చెరువులు చూసేదెవరు? ఈయన," అని శ్రీకర్‌ని చూపించాడు.

"మా కారు డిక్కీలో ఇలాంటివి ఎప్పుడూ ఉంటాయండీ. కారుకి తాళం కూడా వెయ్యను," అన్నాడు శ్రీకర్.

"షెడ్డులోంచి ఎందుకొచ్చావు నిన్న?"

"చూడ్డానికెళ్ళాను బావా. నాకా మాత్రం హక్కు లేదా?"

"నీకు మొదట్నుంచీ కుళ్ళే."

"అవును, కుళ్ళే. ఎందుకుండదు?" శ్రీకర్ లేచి నిలబడ్డాడు. "చిన్నప్పుడు దాని టాపు మీద పడుకుని నిద్రపోయేవాణ్ణి. నాకిమ్మని ఎన్నిసార్లడిగాను? ఇవ్వలేదు. నువ్వొచ్చి కాఫీ తాగి కప్పు కింద పెట్టేలోపు ఇచ్చేశారు. నిన్న ఎక్కి కూర్చున్నాను. బూట్లతోనే. నాన్న చూస్తే చెప్పులిప్పి ఎక్కరా అని తిడతారని దిగిపోయాను. అంతే. నూనె తియ్యలేదు."

"ఇలాగే చెప్తారండీ అందరూ," అన్నాడు ఎస్సై, సిరంజిని కవరులో వేస్తూ. మనోజ్ఞ వైపు తిరిగి, "సవతి అనేవారట. ఆ లెక్కన అనుమానం మీ మీదా ఉండాలమ్మా," అని నవ్వాడు.

"నేనైతే నూనె తియ్యనండీ. తగలబెడతాను," అంది మనోజ్ఞ.

ఎస్సై నవ్వు ఆగిపోయింది. "సరే. పిల్లాజెల్లా తిరిగే చోటు. ప్రాణాలు పోవలసింది. ఊరికే వదలడానికి లేదు. శ్రీకర్‌గారూ, ఓసారి స్టేషనుకి పదండి."

"అక్కా," అన్నాడు శ్రీకర్.

మనోజ్ఞ తండ్రి వైపు చూసింది. రామమూర్తి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కండువాతో మొహం తుడుచుకుంటున్నారు. కొడుకుని పోలీసులు తీసుకెళ్తుంటే ఆయన ఒక్క మాట అనలేదు. ఎప్పుడూ ఊరందరికంటే ముందు గొంతు లేపే మనిషి.

"ఒక్క నిమిషం ఆగండి," అంది ఎస్సైతో.

ట్రక్కు దగ్గరికి నడిచింది. నిన్న సాయంత్రం రామమూర్తి, శ్రీకర్ రాకముందు ఆమె దీన్ని చూసింది. నేల రేకుకి రంగు వేసి మూడు రోజులైంది. ఎక్కడా మచ్చ లేదు. మ్యాటు పరిచింది ఈ ఉదయం, తొందరలో. కొండ మీద నరేంద్ర తన వైపు మ్యాటే తీశాడు. ఆమె తను కూర్చున్న వైపు మ్యాటు పట్టుకుని లేపింది.

చుక్కలు చుక్కలుగా రంగు పొంగి ఉంది. మధ్యలో జానెడుకి పైగా పచ్చరంగు ముద్దయిపోయి, రేకు బయటపడింది.

"ఏవండీ, బ్రేకాయిల్ పడితే రంగేమవుతుంది?"

"ఉడికినట్టు లేచిపోతుంది," అన్నాడు నరేంద్ర. "ఎందుకు?"

"దాంట్లో ఎవరో కాలేశారు."

ఎస్సై వచ్చి వంగి చూశాడు. మెత్తబడ్డ రంగులో పాదం స్పష్టంగా దిగింది. ఒక్కో వేలూ విడివిడిగా ఉంది. మడమ దగ్గర రంగు ఊడి కాలితో పాటు వెళ్ళిపోయింది.

"వట్టి కాలు," అన్నాడు. "ఈ పక్కనుంచి ఎక్కి అటు వంగి తోడారు."

"మా తమ్ముడు బూట్లిప్పడండీ. దానికే వాడు తిట్లు తింటాడు." మనోజ్ఞ ఆ వేళ్ళ గుర్తులు చూపించింది. "దొంగతనంగా వచ్చి, బండిని పాడుచెయ్యడానికి ఎక్కుతూ, బయట చెప్పులు విడిచి ఎక్కినవాళ్ళ కాలండీ ఇది."

అలా ఎవరు ఎక్కుతారో ఆ ఇంట్లోవాళ్ళకి తెలుసు. ఎస్సైకి మాత్రమే తెలియదు.

ఉదయం గేటు దగ్గర తండ్రి అన్న మాటలు ఆమెకి ఇప్పుడు వేరేగా వినిపిస్తున్నాయి. "నువ్వు ఎక్కకమ్మా. ఎండ. కారులో రా." రెండుసార్లన్నారు. మూడోసారి చెయ్యి పట్టుకున్నారు. ప్రేమ అనుకుంది. ఆ బండితో మొగుణ్ణి ఒంటరిగా పంపడం ఇష్టం లేక ఎక్కేసింది.

ఎస్సై ట్రక్కు దగ్గరే ఉండి ఆ పాదం గుర్తుకి ఫోనులో ఫొటోలు తీస్తుండగా, ఆమె వచ్చి తండ్రి కుర్చీ ముందు నిలబడింది. మోకాళ్ళ నొప్పులని కొండకి రాని మనిషి, కుడి కాలు మడిచి తొడ కింద పెట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం నుంచీ అలాగే ఉన్నారు.

"నాన్నగారూ, తమ్ముణ్ణి తీసుకెళ్తున్నారు. మీరేమైనా చెప్తారా?"

"నేనేం చెప్తానమ్మా. పోలీసులు చూసుకుంటారు."

"కాలు కింద పెట్టండి."

"నొప్పమ్మా."

మనోజ్ఞ కింద కూర్చుంది. ఉదయం బయల్దేరేటప్పుడు ఆశీర్వాదం కోసం ముట్టుకున్న పాదం. ఇప్పుడు రెండు చేతులతో పట్టుకుని బయటికి తీసింది. ఆయన కాసేపు బిగబట్టి, తర్వాత వదిలేశారు. కిరసనాయిలు వాసన వేసింది. తోమి తోమి అరికాలు ఎర్రబడింది. మడమ పగుళ్ళలో మాత్రం పచ్చరంగు అలాగే ఉంది.

"మావయ్యగారూ?" అన్నాడు నరేంద్ర. అతని గొంతులో కోపం ఇంకా చేరలేదు.

రామమూర్తి ఎవరి వైపూ చూడలేదు. నొక్కుకుపోయిన ముందు రేకునే చూస్తూ గొంతు తగ్గించి అన్నారు. "గేటు దాటదనుకున్నానమ్మా. మొదటి తొక్కుకే పెడలు దిగబడుతుంది, ఆదివారానికి ఏలూరు వెళ్ళదు, అంతే అనుకున్నాను. వెళ్ళిపోయింది. నాకు చెయ్యని పనంతా అల్లుడుగారికి చేసిపెడుతోంది."

"వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డారు. నేను అందులో ఉన్నాను."

ఆయన కాలు వెనక్కి లాక్కోబోయారు. ఆమె వదల్లేదు.

"ఫోను చెయ్యొచ్చు కదా నాన్నగారూ. ఒక్క ఫోను."

"చేస్తే, తీసింది నేనేనని తెలిసిపోతుంది కదమ్మా," అన్నారు చాలా మెల్లగా. ఎస్సై నిలబడ్డ చోటుకి ఆ మాట చేరలేదు.

శ్రీకర్ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

రామమూర్తి వంగి, కూతురు ఒక్కతికే వినబడేలా అన్నారు. "తమ్ముడు కుర్రాడు. వాడి మీద కేసు నిలబడదు. నాలుగు రోజుల్లో వచ్చేస్తాడు. నా పేరు బయటికొస్తే కైకలూరులో ఎలా తిరగనమ్మా?"

మనోజ్ఞ పాదం వదిలేసి లేచింది. అరచేతికి అంటిన పచ్చరంగుని చీర కొంగుకి తుడుచుకుంది. అది పోలేదు.

"ఏమంటున్నారమ్మా పెద్దాయన?" ఎస్సై పెన్ను తీశాడు. "మీకు అనుమానం ఉంటే గట్టిగా చెప్పాలి. ఎవరి పేరు రాయమంటారు?"

ఆమె ట్రక్కు వైపు చూసింది. గుద్దుకున్న చోట కొత్త రంగు పెచ్చులుగా ఊడిపోయింది. నరేంద్ర పేరు సగం లేదు. దాని కింద, ఎంత గీకినా పోని పాత తెల్ల అక్షరాల జాడ బయటపడింది. ఆమె షెడ్డంతా వినబడేలా, ఒక్కో మాటా విడదీసి, దాన్ని పైకి చదివింది.

"రామమూర్తి, కైకలూరు."